ఈ పూట కూరేమిటో ముందే తేలాలి

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని అనుకోగానే అందరి చూపూ ముందు కూరగాయల ధరల మీద పడుతుంది. టమాటా బండి మీద ఎంత, రైతుబజారులో ఎంత, ఉల్లిపాయ ఏ మార్కెట్లో చవక అన్న లెక్కలు మొదలవుతాయి. అవి చూడవద్దని అనను, నేనూ చూస్తాను. కానీ హైదరాబాదులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే మధ్యతరగతి ఇంట్లో డబ్బు ఎక్కువగా జారిపోయేది సాయంత్రం ఏడు గంటల వేళ అని నా గట్టి నమ్మకం. ఒకరు హైటెక్ సిటీ నుంచి, ఒకరు సికింద్రాబాదు నుంచి ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరాక "ఈ పూట ఏం వండుదాం?" అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోతే ఆ జవాబు ఫోనులో దొరుకుతుంది. వారమంతా చూసి చూసి కొని మిగిల్చుకున్నదంతా ఆ ఒక్క పూటకే సరిపోతుంది.

ఇది నా ఇంటి సంగతి మాత్రమే అయితే ఇంత పొడుగు వ్యాసం అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే లెక్కలు చూడండి. పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు. అందులో తిండికి పోయేది దాదాపు 40 శాతం. ఆ తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యం కాదు, పాలు కాదు, కూరగాయలు అసలే కాదు. పానీయాలు, చిరుతిళ్లు, బయట వండిన ఆహారం అన్నీ కలిపిన పద్దు అది. మొత్తం ఇంటి ఖర్చులో 11 శాతం దానికే పోతోంది. పాలు, పాల పదార్థాలు ఏడు శాతం. కూరగాయలు నాలుగు శాతం పైచిలుకు. బియ్యం, గోధుమల వంటి ధాన్యాలు నాలుగు శాతం కూడా లేవు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే విషయం తేలిపోతుంది. ఎండలో నాలుగు మార్కెట్లు తిరిగి కూరగాయల ఖర్చులో పావు వంతు తగ్గించామనుకుందాం. మొత్తం ఖర్చులో మిగిలేది ఒక్క శాతం. ఆ 11 శాతం పద్దులో మూడో వంతు తగ్గితే మిగిలేది దాదాపు నాలుగు శాతం, అంటే నెలంతా కొనే కూరగాయల ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. కూరగాయలు ఉచితంగా వచ్చినట్టే లెక్క. మరి మన శ్రద్ధంతా ఎందుకు టమాటా మీదే ఉంటుంది? టమాటా ధర వార్తల్లో వస్తుంది కాబట్టి. నెలలో ఎన్ని రాత్రులు వంట మానేశామో ఏ పేపర్లోనూ రాదు.

బయట తినడం తప్పని నేను చెప్పడం లేదు. ఆదివారం అందరం బయలుదేరి వెళ్లి బిర్యానీ తిని రావడం ఈ ఊళ్లో ఉన్న సుఖాల్లో ఒకటి. ఆ ఖర్చుకు ముందే డబ్బు పక్కన పెట్టుకుంటాం, పిల్లలు దాని కోసం ఎదురుచూస్తారు. నేను అడ్డుపడుతున్నది వేరే రకానికి. ఎవరికీ పెద్దగా తినాలని లేకపోయినా వంట ఏమిటో తేలక తెప్పించుకునే భోజనం ఉంటుంది చూడండి, దానికి. ఒక్కోసారి 500 రూపాయలు అనుకున్నా, వారానికి రెండుసార్లంటే నెలకు నాలుగు వేలు. ఆ డబ్బుతో నలుగురున్న ఇంటికి నెలకు కావలసిన కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, నూనె అన్నీ వచ్చేస్తాయి, ఇంకా మిగులుతుంది.

సరుకులు పది నిమిషాల్లో తెచ్చి ఇచ్చే యాప్‌లదీ ఇదే వరస. కొత్తిమీర అయిపోయిందని తెరుస్తాం. అంత చిన్న ఆర్డరుకు చార్జీలు పడతాయి కాబట్టి అవి తప్పించుకోవడానికి మరో రెండు వందల సరుకు వేస్తాం. ఆ సరుకు మనం అనుకున్నది అయి ఉండదు. బిస్కెట్లో, చిప్సో, ఇంట్లో ఉన్న సబ్బు మీద ఇంకో సబ్బో అవుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకాల్లో వాడకూడని 13 రకాల మాయోపాయాలను పేరు పెట్టి మరీ నిషేధించింది. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, డబ్బు కట్టే ముందు మాత్రమే అదనపు చార్జీలు చూపించడం, లేని తొందర పుట్టించడం అందులో ఉన్నాయి. నిషేధించాల్సి వచ్చిందంటే అవి ఎంతగా పనిచేస్తున్నాయో ఊహించుకోవచ్చు. ఏం కొనాలో తెలియకుండా యాప్ తెరిచినవాళ్లకు చట్టం కూడా కొంతవరకే కాపలా కాయగలదు.

అయితే మార్గం ఏమిటి? వారానికి పట్టిక వేసుకోవాలని అందరూ చెబుతారు. సోమవారం పొద్దున్న ఇది, రాత్రి అది అని ఏడు రోజులకూ వంటకాల పేర్లు రాసిన పట్టికలు కొల్లలుగా దొరుకుతాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. మంగళవారం గుత్తివంకాయ అని రాసుకుని బజారుకు వెళితే ఆ రోజు లేత వంకాయ ఉండదు, ఉన్నా ధర మండిపోతుంటుంది. పట్టికలో రాశాం కదా అని ముదురు వంకాయలు ఎక్కువ ధరకు కొంటే పొదుపు ఎక్కడిది? ఆ పట్టిక రెండో వారానికి గోడ మీదే ఉంటుంది, వంట మాత్రం మళ్లీ ఏడు గంటల ప్రశ్న దగ్గరికే వస్తుంది.

మన భోజనానికి ఒక అమరిక ముందునుంచే ఉంది. పప్పు, కూర, పులుసో చారో, పెరుగు, పక్కన పచ్చడి లేదా పొడి. ఈ అమరికనే పట్టికగా వాడుకుంటే చాలని నా వాదన. వంటకం పేరు రాయనక్కర్లేదు, వంటకం జాతి రాస్తే చాలు. మా ఇంట్లో సోమవారం ఆకుకూర పప్పు. ఏ ఆకుకూర అన్నది బజారు చెబుతుంది. పాలకూర బాగుంటే పాలకూర, తోటకూర లేతగా ఉంటే తోటకూర. మంగళవారం వేపుడు, చారు. బుధవారం పులుసు, అది సొరకాయదైనా, బెండకాయదైనా, ఏ కూరగాయా లేకపోతే ఉల్లిపాయలదైనా సరే. గుడ్ల రోజు ఒకటి, చపాతీల రోజు ఒకటి. ఇంత వరకే స్థిరం. మిగతాది ధరను బట్టి, తాజాదనాన్ని బట్టి మారుతూ ఉంటుంది. పట్టిక ఇంత వదులుగా ఉంటేనే నిలబడుతుంది.

వారంలో ఏది ముందు వండాలన్నది కూరగాయే నిర్ణయిస్తుంది. శనివారం తెచ్చిన ఆకుకూరలు సోమవారం దాటకూడదు. బెండ, బీర, కాకర మంగళ, బుధవారాలకు. వంకాయ, చిక్కుడు, దొండ గురువారం వరకు ఆగుతాయి. సొరకాయ కోయకుండా ఉంచితే, క్యాబేజీ, చామదుంప, కంద, బంగాళాదుంప అయితే వారం చివరికి నిక్షేపంగా ఉంటాయి. ఈ వరస తెలియక కొన్నదే చాలావరకు ఫ్రిజ్ అడుగు అరలో కుళ్లిపోతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ల నుంచి ఏటా మనిషికి 55 కిలోల ఆహారం వ్యర్థమవుతోంది. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి కాబట్టి అంతా పారబోసిన అన్నమే అనుకోనక్కర్లేదు. అయినా నలుగురున్న ఇంటికి అది 220 కిలోలు. కిలోకు పది రూపాయలు తగ్గించి కొన్న కొత్తిమీర, మెంతికూర వాడిపోయి చెత్తబుట్టలో పడితే ఆ తగ్గింపుకు అర్థం లేదు.

మాకు దగ్గర్లో ఉన్నది కూకట్‌పల్లి రైతుబజారు. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఫలక్‌నుమా, ఎటు ఉన్నవాళ్లకు అటు ఒకటి అందుబాటులో ఉంది. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. హోల్‌సేల్ ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కాస్త కింద ఉండేలా ఆ ధరలు నిర్ణయిస్తారు. నేను ఆ బోర్డు దగ్గరే నిలబడి వారం వంటలకు పేర్లు పెట్టుకుంటాను. చేతిలో ఉన్న కాగితం మీద "ఆకుకూర పప్పు, వేపుడు, పులుసు" అని మాత్రమే ఉంటుంది. బోర్డు చూశాక పక్కన "చుక్కకూర, దొండ, సొర" అని చేరుతుంది.

లోపల ఎంచుకోవడం కూడా పొదుపులో భాగమే. సొరకాయ తొక్క మీద గోరు ఇట్టే దిగితే లేతది. వంకాయ ముచ్చిక పచ్చగా, ముళ్లు గుచ్చుకునేలా ఉంటే నిన్నో మొన్నో కోసినది. ముచ్చిక గోధుమ రంగుకు తిరిగితే లోపల గింజ ముదిరి ఉంటుంది. బీరకాయ కణుపులు గట్టిగా, కాయ వంచితే కొద్దిగా వంగాలి. బెండకాయ కొస విరిచి చూడటం మాత్రం నాకు నచ్చదు, విరిచినవాళ్లు కొనకుండా వెళ్లిపోతే అమ్మేవాళ్ల సరుకు పాడవుతుంది. చేత్తో నిమిరితే నూగు తగిలేది లేత బెండ, విరవనక్కర్లేదు. ముదురు కాయలు చవకగా వచ్చాయని తెచ్చుకుంటే సగం తీసి పారేయాలి, గ్యాసు కూడా ఎక్కువ కాలుతుంది.

మరో మాట. ఈ ఊళ్లో కూరగాయల ధర పావుకిలో లెక్కన చెబుతారు. పావు 20 అంటారు, కిలో అడిగితే 60 అంటారు. పది రకాలు పావు పావు కొనేవాళ్లు ఆ తేడా ప్రతి రకం మీదా ఇచ్చుకుంటారు. నేను ఐదారు రకాలే కొంటాను, ఒక్కొక్కటి కిలో. దొండకాయ కిలో తెస్తే సగం వేపుడు, సగం పచ్చడి. సొరకాయ ఒకటి తెస్తే ఒక ముక్క పప్పులోకి, ఒక ముక్క పులుసులోకి. బీరకాయ కూర వండిన రోజు పొట్టు నువ్వులతో పచ్చడి అవుతుంది, ఆ పూటకు వేరే పచ్చడి అక్కర్లేదు. పిల్లలు "మళ్లీ దొండకాయా" అనకుండా రెండు వంటల మధ్య రెండు రోజులు ఎడం ఉంచాలి, అంతే.

ఆకుకూరలు అమ్మే ఆడవాళ్ల దగ్గర నేను బేరమాడను. తెల్లవారకముందే శంకర్‌పల్లి వైపు నుంచో, చేవెళ్ల వైపు నుంచో గంపలు ఎత్తుకుని వచ్చేవాళ్ల దగ్గర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని అడిగి, రాత్రి ఆర్డరు మీద చార్జీల పేరుతో అంతకు ఎన్నో రెట్లు మారుమాట లేకుండా కట్టడం అన్యాయం. పొదుపు అనేది మన ఇంటి అజాగ్రత్తలోంచి తీయాలి, వాళ్ల కూలిలోంచి తీయకూడదు. ఈ విషయంలో నాతో వాదించే స్నేహితురాళ్లు ఉన్నారు, నా అభిప్రాయం మాత్రం మారలేదు.

టమాటా దగ్గరికి వద్దాం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో టమాటా 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. హైదరాబాదులో వంద దాటి చాలా రోజులు దిగలేదు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, కూలి ఖర్చులు కూడా రావని రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు. ఎండాకాలం చివర పంట దెబ్బతినడం, కొత్త పంట చేతికి రావడానికి వ్యవధి పట్టడం వల్ల జూన్ నుంచి ఆగస్టు వరకు టమాటా ఎగబాకడం దాదాపు ఏటా ఉన్నదే. అంటే అది ముందే తెలిసిన సంగతి. ముందే తెలిసినదానికి ఏర్పాటు చేసుకోకుండా జూలైలో గగ్గోలు పెట్టడం ఎందుకు?

పులుపు కోసం టమాటా మీద ఆధారపడాల్సిన అవసరం తెలుగువాళ్లకు లేనే లేదు. టమాటా అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. అది రాకముందు కూడా మనం చారు కాచుకున్నాం, పప్పులో పులుపు వేసుకున్నాం. చింతపండు ఉంది, గోంగూర ఉంది, చుక్కకూర ఉంది, ఎండాకాలంలో చింతచిగురు, మామిడికాయ, ఏడాది పొడవునా నిమ్మకాయ ఉన్నాయి. తెలంగాణ ఇళ్లలో పొయ్యి వెలిగించకుండానే చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి పచ్చి పులుసు చేసుకుంటారు. ఇంత పులుపు సంపద ఉన్న వంటింట్లో పప్పులోనూ టమాటా, చారులోనూ టమాటా, కూరలోనూ టమాటా, పచ్చడీ టమాటాదే అన్న అలవాటు ఇటీవలిది. వానాకాలం మూడు నెలలు మా ఇంట్లో టమాటా వారానికి ఒక కిలోకు మించదు. పప్పు చుక్కకూరతో, చారు చింతపండుతో, పచ్చడి గోంగూరతో. ధర పడిపోయిన రోజుల్లో మళ్లీ బాగా కొంటాం, అప్పుడు రైతుకూ నాలుగు డబ్బులు అందాలి కదా.

మా అత్తగారిది నల్గొండ వైపు ఊరు. వాళ్లింట్లో ఏడాది సరుకు తెచ్చుకోవడం ఒక పండుగలా జరిగేది. ఎండలు ముదిరేలోపు మిరపకాయలు తొడిమలు తీసి ఎండబెట్టి కారం పట్టించేవాళ్లు. కొత్త చింతపండు రాగానే గింజలు, ఈనెలు తీసి ఉప్పు కలిపి జాడీలకు ఎత్తేవాళ్లు. పసుపు, కందులు, మినుములు కూడా అంతే. పంట చేతికొచ్చే కాలంలో సరుకు మంచిది దొరుకుతుంది, ధర తక్కువ ఉంటుంది. ఆవిడ ఇప్పటికీ మార్చి వచ్చిందంటే చింతపండు మాట ఎత్తుతారు. నేను సంతోషంగా వింటాను. ఏది ఎప్పుడు కొనాలన్న జ్ఞానం ఏ యాప్‌లోనూ లేదు, ఉన్నా మనకు చెప్పదు.

ఆ పద్ధతిని ఇప్పటి ఫ్లాట్లకు ఉన్నదున్నట్టు దించుకోలేం. చోటు లేదు, ఎండబెట్టుకోవడానికి మేడ అందరికీ ఉండదు. అందుకని ఏది ఎక్కువ కొనాలి, ఏది కొనకూడదన్న విచక్షణ కావాలి. చింతపండు, ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు, రాళ్ల ఉప్పు ఎక్కువ కొన్నా నష్టం లేదు. రవ్వ, శనగపిండి, గోధుమపిండి, జీడిపప్పు, నువ్వులు వానాకాలంలో నెలకు మించి కొంటే పురుగు మనకన్నా ముందు తింటుంది. నెల మొదట్లో సూపర్‌మార్కెట్లో "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని తెచ్చుకున్న రవ్వ ప్యాకెట్లు చివరికి ఎటు పోయాయో ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవచ్చు. ఎండు సరుకులకు మూడు నాలుగు నెలలకొకసారి బేగంబజారు వెళ్లి వస్తాను. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి గాంధీభవన్ దగ్గర దిగితే నడిచే దూరం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి బరువు మోసే ఓపిక ఉంటే అలాగూ వెళ్లవచ్చు. కిలో జీలకర్ర కోసం మాత్రమే అంత దూరం వెళ్లడం దండగ. జాబితా నిండినప్పుడే వెళ్లాలి.

బియ్యం సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. బస్తా మీద 26 కిలోలు అని ఎందుకు ఉంటుందో గమనించారా? 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి 25 కిలోల వరకు ఉంటే ఐదు శాతం జీఎస్‌టీ పడుతుంది. 26 కిలోలు చేస్తే పడదు. అందుకే బజారులో ఆ బస్తాలు కనిపిస్తాయి. విడిగా తూచి ఇచ్చే సరుకు మీదా ఆ పన్ను లేదు. కాబట్టి ఐదు కిలోల సంచులు ఐదు కొనడం కన్నా ఒక బస్తా కొనడమే మేలు. బస్తా కొనేటప్పుడు పాత బియ్యమా కొత్త బియ్యమా అని అడిగి తీరాలి. పాత బియ్యం కిలోకు కొంత ఎక్కువే, కానీ బాగా ఒదుగుతాయి, అన్నం ముద్దకాదు. అదే గ్లాసు బియ్యానికి అన్నం ఎక్కువ వస్తుంది.

ప్యాకెట్ల మీద ఇప్పుడు మొత్తం ధరతో పాటు యూనిట్ ధర కూడా ముద్రిస్తున్నారు. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకు ఎంత, కిలో దాటితే కిలోకు ఎంత అని ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ అంకె చూడటం అలవాటు చేసుకోవాలి. గ్రాము 42 పైసలు అంటే తక్కువగా అనిపిస్తుంది, కిలో 390 అంటే ఎక్కువగా అనిపిస్తుంది. లెక్క కడితే మొదటిదే కిలో 420. నూనె ప్యాకెట్ల దగ్గర ఇది మరీ అవసరం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి 850, 800 గ్రాములే ఉన్నవి కూడా అదే అరలో ఉంటాయి, ధర తక్కువ కాబట్టి చెయ్యి వాటి మీదికే వెళుతుంది. నూనె ధర మన చేతిలో లేదు. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం, 2024 సెప్టెంబరులో సుంకం పెంచితే పెరిగింది, 2025 మే చివర ముడి నూనెల మీద తగ్గించారు. ఎంత నూనె వాడాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఎంత వాడాలో చెప్పేవాళ్లు మన తార్నాకలోనే ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు కావాలి. నలుగురికి నెల లెక్క వేస్తే ధాన్యాలు 30 కిలోలు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి పది కిలోలు, నూనె మూడున్నర లీటర్లు. మీ ఇంటి సరుకుల చీటీ తీసి దీని పక్కన పెట్టండి. చాలా ఇళ్లలో బియ్యం ఈ లెక్కను మించిపోతుంది, నూనె ఐదు లీటర్లు దాటుతుంది, పప్పులు సగం కూడా ఉండవు. పొదుపు అనగానే పప్పులో నీళ్లు ఎక్కువ పోయడం, పాలు అర లీటరు తగ్గించడం, పిల్లల గుడ్డు మానేయడం మొదలుపెట్టే ఇళ్లు ఉన్నాయి. అది పొదుపు కాదు, ఆ డబ్బు తరువాత మందులకు పోతుంది. తగ్గించాల్సినవి నూనె, చక్కెర, ప్యాకెట్ చిరుతిళ్లు. వాటిలో మిగిలిన డబ్బు పప్పులకూ పండ్లకూ మళ్లించాలి. మొత్తం బిల్లు అంతే వచ్చినా నేను దాన్ని లాభంగానే లెక్కవేస్తాను.

నెలల లెక్క కూడా ఉంది. శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. కోడి ధర దిగుతుంది, కూరగాయల ధర ఎక్కుతుంది. మాంసం విషయంలో మాకు ఆ పట్టింపు లేదు కాబట్టి ఆ నెలల్లో కోడికూర మరో పూట చేరుతుంది. పట్టింపు ఉన్నవాళ్లకు ఆ నెలల్లో పప్పులు, అలసందలు, శనగలు ఎక్కువ వాడటం దారి.

ఇక ఏడు గంటల ప్రశ్నకు నేరుగా జవాబు. ఎంత పట్టిక వేసుకున్నా కొన్ని సాయంత్రాలు చేతులు లేవవు. ఆ సాయంత్రాల కోసం వంటింట్లో ఎప్పుడూ మూడు జవాబులు సిద్ధంగా ఉండాలి. ఒకటి, ఫ్రిజ్‌లో రుబ్బిన పిండి. మొదటి రోజు ఇడ్లీ, తరువాత అట్లు, పులిసిన పిండితో ఊతప్పం, చివరికి మిగిలితే పునుగులు. రెండు, పెసరపప్పుతో పులగం, పక్కన కాల్చిన అప్పడం, ఆవకాయ. కుక్కర్లో పడేస్తే పదిహేను నిమిషాల పని. మూడు, కోడిగుడ్డు పొరటు, వేడి అన్నం, చారు. కందిపొడి, కరివేపాకు పొడి సీసాల్లో ఉంటే నాలుగో జవాబు కూడా ఉన్నట్టే. ఈ పదార్థాలు నిండుకోకుండా చూసుకోవడమే అసలు పట్టిక. వీటిలో ఏదీ ఆర్డరు ఇంటికి చేరే సమయం కన్నా ఎక్కువ పట్టదు.

మిగిలినదాన్ని మరో వంటగా మార్చడం మన ఇళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రాత్రి పప్పు పొద్దున్న పప్పుచారు అవుతుంది, రాత్రి అన్నం పులిహోరో, తిరగమోత అన్నమో, పెరుగు కలిపిన చద్దన్నమో అవుతుంది. మన పిల్లల టిఫిన్ డబ్బాలో ఇవి కనిపిస్తే చిన్నతనంగా భావించే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంత చెప్పాక ఒక ప్రశ్నకు జవాబు చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ఇదంతా ఎవరు చేయాలి? వండటం కన్నా ఏం వండాలో రోజూ ఆలోచించడం ఎక్కువ అలసట. ఆ అలసట ఇంట్లో ఒక్క మనిషి మీదే, దాదాపు ఎప్పుడూ ఆడమనిషి మీదే పడుతుంది. ఉద్యోగం నుంచి వచ్చి, ధరలు గుర్తుపెట్టుకుని, ఫ్రిజ్‌లో ఏముందో గుర్తుపెట్టుకుని, అందరి ఇష్టాలూ గుర్తుపెట్టుకుని వండాలంటే ఏ మనిషైనా చివరికి ఫోను తీస్తుంది. అందుకే ప్రణాళిక ఒక్కరి పని అయినంత కాలం పొదుపు నిలవదు. మా ఇంట్లో శుక్రవారం రాత్రి భోజనాల తరువాత అందరం కూర్చుంటాం. మా పెద్దమ్మాయి ఫ్రిజ్ తెరిచి ఏమేం మిగిలాయో చదువుతుంది, మా వారు రాస్తారు, అత్తగారు ఏది ముందు వాడాలో చెబుతారు. పావుగంటలో అయిపోతుంది. కూరగాయలకు ఒక వారం నేను, ఒక వారం ఆయన. ఆయన వెళ్లిన వారం ఫోను చేసి ప్రతి దానికీ నన్ను అడగరు, కాగితం ఆయన చేతిలోనే ఉంటుంది. అడిగితే ఆ పని నేను చేసినట్టే.

ఈ మాటలన్నీ నెల జీతం, ఫ్రిజ్, బస్తా బియ్యానికి ఒకేసారి డబ్బు ఉన్న ఇళ్లకే వర్తిస్తాయని నాకు తెలుసు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నూనె చిన్న ప్యాకెట్లలో, పప్పు పావుకిలోల్లో కొంటుంది. అలా కొంటే అన్నిటికీ ఎక్కువ ధర పడుతుందని ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. రోజు కూలి మీద బతికేవాళ్లకు ప్రణాళిక తెలియక కాదు, ముందుగా పెట్టడానికి డబ్బు చేతిలో ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తుండటం వాళ్ల ఇంటికి నా వ్యాసాలన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది. పప్పు, నూనె కూడా అలా నాణ్యంగా అందాలని నా కోరిక.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక్క పని చెబుతాను. ఖర్చులన్నీ పుస్తకంలో రాయాలని ప్రయత్నించకండి, వారం తిరిగేసరికి విసుగు పుడుతుంది. అనుకోకుండా తెప్పించుకున్న భోజనం, అనుకోకుండా చేసిన ఆర్డరు మాత్రం వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాయండి, పక్కన కారణం రెండు మాటల్లో. నెలాఖరుకు చూస్తే ఏ రోజు దగ్గర ఎక్కువ రాతలు ఉన్నాయో కనిపిస్తుంది. మాకు అది గురువారం. ఆ రోజు మా వారికి ఆఫీసులో ఆలస్యమవుతుంది, చిన్నవాడికి సాయంత్రం ట్యూషన్ ఉంటుంది, కూరగాయలు కూడా అడుగంటే రోజు. కారణం తెలిశాక బుధవారం పొద్దున్న మినప్పప్పు నానబెట్టి రాత్రి రుబ్బడం మొదలుపెట్టాం. గురువారం అట్లు, పల్లీ చట్నీ. చిన్నవాడు ట్యూషన్ నుంచి వచ్చేసరికి పెనం వేడెక్కి ఉంటుంది.